రిటైరయ్యాక స్టేజీ మీద గిటార్ వాయించాలంటే ఆంప్ ఏది కొనాలి?

గోదారి_గిటార్
మాది కాకినాడ. కిందటేడు బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. కాలేజీలో నేర్చుకున్న గిటార్ ఇన్నేళ్లూ అటక మీదే ఉండిపోయింది. ఇప్పుడు దించి, బూజు దులిపి, తీగలు మార్పించి, షాపులో బ్రిడ్జి దగ్గర ఒక పికప్ (తీగల చప్పుడు పట్టి వైరులోకి పంపేది) కూడా పెట్టించాను. నేను వాయిస్తాను, మా ఆవిడ పాడుతుంది. పాత సినిమా పాటలు, లలిత గీతాలు, అడిగితే ఒకటో రెండో భజనలు. సీనియర్ సిటిజన్ల సంఘంలోనూ, అపార్ట్‌మెంట్ ఫంక్షన్లలోనూ, చుట్టాల షష్టిపూర్తుల్లోనూ పిలుస్తున్నారు. డబ్బులేమీ ఇవ్వరు, మేమూ అడగం.

చిక్కల్లా సౌండుతోనే. మొన్న ఒక షష్టిపూర్తిలో మైక్ సెట్ కుర్రాడు గిటార్ వైరు తీసుకెళ్లి నేరుగా తన మిక్సర్లో గుచ్చేశాడు. రేకుల షెడ్డు మీద చినుకులు పడుతున్నట్టు టకటకలు తప్ప పాట వినిపించలేదు, లావు తీగల మోతయితే బొత్తిగా లేదు. పెంచమంటే పెంచాడు, అప్పుడు కూత మొదలైంది. చివరికి గిటార్ పక్కన పెట్టేశాను, ఆవిడొక్కతే పాడింది, నేను తాళం వేశాను.

అందుకే సొంతానికి ఒక ఆంప్, అంటే సౌండ్ పెంచి వినిపించే స్పీకర్ పెట్టె, కొనేద్దామని చూస్తున్నా. బడ్జెట్ 30 వేలు, మరీ మంచిదైతే 40. నడుం నొప్పి ఉంది, మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ఎన్ని వాట్లు కావాలి, బ్యాటరీతో నడిచేది తీసుకోవాలా, ఆంప్ అంటే గిటార్ ఒక్కదానికేనా లేక ఆవిడ మైకు కూడా పెట్టొచ్చా? షాపుకెళ్తే ఒక్కొక్కడు ఒక్కోటి చెప్తున్నాడు.

తీగ_తెగింది
మీరు తాళం వేసిన వీడియో ఉంటే ముందు అది పెట్టండి

సౌండ్_శీను
భీమవరంలో మైక్ సెట్ నాది. ఆ కుర్రాణ్ణి తిట్టుకోకండి సర్, అతని దగ్గరున్న మిక్సర్ మైకులకీ కీబోర్డుకీ సరిపోయేది, మీరిచ్చిన వైరు ఎక్కడ పడితే అక్కడ గుచ్చాడు, అతనికి ఎవరు నేర్పారు గనక. ఒక్క మాట చెప్పండి. మీ గిటార్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉందా? పక్కన వాల్యూమ్, బాస్, ట్రెబుల్ అని నాబులున్నాయా? లేక వైరు గుచ్చే జాక్ ఒక్కటేనా? అది తెలిస్తే మిగతాది మాట్లాడుకోవచ్చు.

గోదారి_గిటార్
బ్యాటరీ లేదు, నాబులు లేవు. బెల్టు తగిలించే చోట జాక్ ఒక్కటే ఉంది. బ్యాటరీ మార్చే పని ఉండదు, ఇదే నయం అన్నారు షాపులో.

ఆరు_తీగలు
అయితే రోగం దొరికింది. ఆంప్ సంగతి తర్వాత చూద్దాం.

మీది పాసివ్ (బ్యాటరీ లేని) పియెజో పికప్. శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే ముక్క) కింద సన్నటి పట్టీ ఉంటుంది, తీగల ఒత్తిడి మారినప్పుడల్లా అందులో కాస్తంత కరెంటు పుడుతుంది. సిగ్నల్ బలహీనం, ఇంపీడెన్స్ (కరెంటుకి ఉండే అడ్డు) మాత్రం చాలా ఎక్కువ. దాన్ని అందుకునే ఇన్‌పుట్ కనీసం 1 మెగా ఓమ్ ఉండాలి, ఇంకా ఎక్కువుంటే ఇంకా మంచిది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా 10, 20 కిలో ఓమ్‌లు ఉంటుంది, మైక్ ఇన్‌పుట్ అయితే రెండు మూడు కిలో ఓమ్‌లే. అంత తక్కువ దానికి తగిలిస్తే ముందు పోయేది బాసే. మీకు మోత లేకపోవడానికి కారణం అది. గిటార్‌లో లోపం లేదు, పికప్‌లో కూడా ఉండకపోవచ్చు.

మధ్యలో ఒక ప్రీయాంప్ (బలహీనమైన సిగ్నల్‌ని అందుకుని పెంచే చిన్న పెట్టె) పెట్టండి, డీఐ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చి పంపేది) కూడా అందులోనే కలిసున్నది చూసుకోండి. ఎల్‌ఆర్ బ్యాగ్స్ పారా డీఐ అని ఒకటుంది, పాతకాపు, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది, మిక్సర్లో 48 వోల్టుల ఫాంటమ్ (కేబుల్ లోంచే పంపే కరెంటు) ఉంటే బ్యాటరీ కూడా అక్కర్లేదు. కూత వచ్చే చోటు కోసేసే నాచ్ ఉంది, ఫేజ్ తిప్పే, అంటే సిగ్నల్‌ని తలకిందులు చేసే బటన్ ఉంది. అంతకంటే చవకవీ బోలెడున్నాయి. బెల్టుకి తగిలించుకునేవి కూడా వస్తాయి.

సౌండ్_శీను
పైన ఆరు_తీగలు చెప్పిందే నా మాట కూడా. ఆ డీఐ లోంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మైకులకి వాడే మూడు పిన్నులది) మా చేతికిచ్చారంటే ఎంత దూరమైనా లాగుతాం, గురగుర ఉండదు. గిటార్ వైరు మాత్రం మీ కాళ్ల దగ్గరి వరకే, మూడు మీటర్లు చాలు. ఆంప్ కొనకండి సర్. హాల్లో మా బాక్సులు ఎలాగూ ఉంటాయి, మీ ఆంప్ తెచ్చి పెడితే దాని సౌండ్ ఒక వైపు నుంచి, మా సౌండ్ ఇంకో వైపు నుంచి.

వైజాగ్_రాగం
శీను అలాగే అంటాడు, అందరూ సొంత ఆంపులు కొనుక్కుంటే అతని బాక్సులు ఎవరు అద్దెకి తీసుకుంటారు 😀

గోదారి గారూ, మీరు వాయించే చోట్లన్నీ హాళ్లేనా? సంఘం మీటింగులో ముప్పై మంది కూర్చునే గది ఉంటుంది, అక్కడ మైక్ సెట్ ఎవరు పెడతారు? మేం ముగ్గురం రిటైరైనవాళ్లం కలిసి సాయంత్రాలు పార్కులో, తెలిసినవాళ్ల మేడ మీద, వృద్ధాశ్రమంలో వాయిస్తుంటాం. అక్కడికి ఏదైనా మనమే మోసుకెళ్లాలి.

అందుకని నడుం నొప్పి అన్నారు చూడండి, ఆ ఒక్క మాటతోనే సగం ఆంపులు లిస్టులోంచి తీసేయొచ్చు. మార్షల్ ఏఎస్50డీ ఉంది, 50 వాట్లు, 8 అంగుళాల స్పీకర్లు రెండు, వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, బరువు 16 కిలోలు. నేను వాడేది ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ. 60 వాట్లు, ఆరున్నర అంగుళాల స్పీకరూ చిన్న ట్వీటరూ, బరువు 9 కిలోలు. గిటార్‌కి ఒక చానల్, మైకుకి ఒక చానల్, వెనకాల ఎక్స్‌ఎల్‌ఆర్ డీఐ అవుట్ కూడా ఉంది, అంటే పెద్ద హాలయితే అక్కణ్ణుంచి శీను బాక్సులకి పంపొచ్చు. మీ పాసివ్ పికప్‌ని కూడా అది తట్టుకుంటుంది, అకూస్టిక్ ఆంపుల్లో గిటార్ చానల్ అలాగే చేస్తారు.

9 కిలోలంటే కూడా తక్కువేం కాదు. వీపున గిటార్, ఎడం చేతిలో స్టాండూ వైర్ల సంచీ, కుడి చేతిలో ఆంప్. మెట్ల మలుపు తిరిగినప్పుడల్లా ఆంప్ మూల మోకాలికి కొట్టుకుంటుంది. నేను ఇప్పుడు రెండు విడతలుగా దించుతున్నా.

కాయిర్_గిటార్
గుంటూరు. మా చర్చి కాయిర్‌తో ఇళ్ల ప్రార్థనలకి వెళ్తుంటాం, ప్రతి వారం ఒకరింట్లో. అకూస్టిక్ ఆంప్ అంటూ వేరే ఎందుకు, ఒక చిన్న పీఏ స్పీకర్ చాలు అంటాను. మాది బోస్ ఎస్1 ప్రో, 7 కిలోల చిల్లర, లోపలే బ్యాటరీ. మూడు చానళ్లలో ఒకదానికి మైక్, ఒకదానికి గిటార్, మూడో దానికి ఫోన్. పెద్ద లాభం ఏంటంటే దాన్ని స్టాండు మీద ఎక్కించొచ్చు. ఆంప్ నేల మీద పెడితే ముందు వరసలో కూర్చున్నవాళ్ల మోకాళ్లకి వినిపిస్తుంది, వెనకవాళ్లకి ఏమీ అందదు. స్పీకర్ తలల ఎత్తున ఉంటే తక్కువ వాల్యూమ్‌తోనే అందరికీ అందుతుంది.

ఒక లోటుంది, ఫాంటమ్ రాదు, అది కావాల్సిన కండెన్సర్ మైకులు పని చేయవు. గిటార్ వైపు కంట్రోళ్లు కూడా తక్కువే. మీ పికప్‌కి ప్రీయాంప్ ముందు పెడితే మంచిది.

వైజాగ్_రాగం
@కాయిర్_గిటార్ ఆంప్‌ని కుర్చీ మీద పెట్టొచ్చు కదండీ, ఏ ఫంక్షన్లో అయినా ప్లాస్టిక్ కుర్చీకి కొదవా

కాయిర్_గిటార్
ప్లాస్టిక్ కుర్చీ మీద బాస్ తీగ వాయిస్తే కుర్చీ కూడా పాడుతుంది

పెదనాన్న_పాటలు
వరంగల్, రిటైర్డ్ టీచర్‌ని. ఇంత ఖర్చు ఎందుకో నాకైతే సమజ్ కాలే. మనుమడి బర్త్‌డేకి కొన్న ట్రాలీ స్పీకర్ ఉంది మా ఇంట్ల, చక్రాలున్నయి, లాక్కపోవచ్చు, మైకులు రెండొచ్చినయి, వెనక గిటార్ అని రాసిన రంధ్రం కూడా ఉంది. ఏడు వేలు. కాలనీ బతుకమ్మ దగ్గర కూడా దాంతోనే నడిపినం.

ఆరు_తీగలు
సర్ దాంతో బతుకమ్మ పాటలు బ్రహ్మాండంగా వస్తాయి, గిటార్ దగ్గరే తేడా. చవక ట్రాలీ స్పీకర్లలో ఆ గిటార్ రంధ్రం చాలావాటిలో లోపల మైకు సర్క్యూట్‌కే కలుస్తుంది, పైగా ఎకో. మైక్ ఎకో తగ్గిస్తే రెండింటికీ తగ్గుతుంది, పెంచితే గిటార్ బావిలో పడుతుంది. పాసివ్ పికప్ అయితే మళ్లీ ఇందాకటి ఇంపీడెన్స్ గొడవే.

ఇంకోటి, వాటిలో చాలావరకు లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. అందుకే అంత బరువు. వాడి మూల పడేసి దసరాకి మళ్లీ తీస్తే బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది. నెలకోసారైనా పూర్తిగా చార్జ్ పెట్టండి.

పెదనాన్న_పాటలు
పోయిన దసరాకి గదే అయింది. బ్యాటరీ మార్పించిన.

కోఠీ_బాబు
అన్నా ఒక డౌటు. లౌడ్‌బాక్స్ మినీ 60 వాట్లు, అదే కంపెనీ ఆర్టిస్ట్ 120 వాట్లు. డబుల్ కదా, కొంచెం ఎక్కువ పెట్టి డబుల్ సౌండ్ తీసుకుంటే పోలా?

ఆరు_తీగలు
వాట్లు డబుల్ అయితే సౌండ్ డబుల్ కాదు తమ్ముడూ. రెట్టింపు వాట్లకి పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి ‘కాస్త పెరిగింది’ అనిపిస్తుంది అంతే. రెట్టింపు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల పవర్. ఇటు చూస్తే బయలులో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి ఆంప్‌ని రెండింతలు చేసేకంటే జనాన్ని దగ్గరగా కూర్చోబెట్టడం మేలు, ఖర్చు కూడా లేదు.

ఆర్టిస్ట్‌లో వేరే లాభాలున్నాయి, స్పీకర్ పెద్దది, 8 అంగుళాలు, మోత నిండుగా వస్తుంది, రెండు చానళ్లలో దేనికైనా గిటార్ గానీ మైక్ గానీ పెట్టుకోవచ్చు. బరువు 11 కిలోలు దాటుతుంది. రెండో అంతస్తాయనకి నేను చెప్పను.

తీగ_తెగింది
జనాన్ని దగ్గరగా కూర్చోబెట్టడం తేలిక కాదు సార్, షష్టిపూర్తిలో జనం భోజనాల వైపే జరుగుతుంటారు

డాలస్_సుబ్బు
మా అమ్మాయి అమెరికాలో ఉంది, అల్లుడొస్తూ తెస్తాడు అని ఎవరైనా అనుకుంటుంటే ఒక్క నిమిషం ఆగండి. ఇక్కడ అమ్మే వాటిలో కొన్ని 120 వోల్టులకే చేసినవి. వెనకాల ఏం రాసుందో చూడండి, 100-240 అని ఉంటే సరే, 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల్లో పెట్టగానే ఫ్యూజు పోతుంది, అదృష్టం బాగుంటే ఫ్యూజుతో ఆగుతుంది. మా గుడి గ్రూపులో ఒకాయన వాళ్ల నాన్నగారికి ఇలాగే పంపించాడు, దానికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సొచ్చింది, ఇప్పుడు ఆ పెద్దాయన ఆంప్‌తో పాటు దాన్ని కూడా మోస్తున్నారు. పైగా వారంటీ ఇండియాలో చెల్లకపోవచ్చు.

గోదారి_గిటార్
మా అల్లుడు హైదరాబాదే, ఆ గొడవ లేదు.

ఇవన్నీ చదివాక ప్రీయాంప్ తప్పదని అర్థమైంది. మరి కూత సంగతి? బాస్ వెనక్కి వస్తే కూత ఇంకా పెరగదా?

ఆరు_తీగలు
మంచి ప్రశ్న, పెరుగుతుంది. ఇప్పటిదాకా బాస్ లేదు కాబట్టి మీకు వచ్చింది కీచుమనే కూత. ఇక నుంచి వచ్చేది బూమ్మనే మోత. గిటార్ పెట్టె లోపలి గాలికి ఒక సొంత స్వరం ఉంటుంది, పెద్ద సైజు గిటార్లలో అది సుమారు 100 హెర్ట్జ్ దగ్గర. పై చెక్కది 200 దగ్గర. ఐదో తీగ వదిలి మీటితే 110, మూడో తీగ 196. అందుకే స్పీకర్ ముందు నిలబడితే ఐదో తీగో మూడో తీగో మీరు మీటకుండానే లేచి మోగడం మొదలెడుతుంది. ఏం చేయాలంటే, గిటార్ రంధ్రానికి రబ్బరు మూత వస్తుంది, తక్కువ ధరే, పెద్ద హాల్లో అది పెట్టేయండి. తర్వాత ఫేజ్ బటన్ నొక్కి చూడండి, ఏ వైపు ఉంటే మోత తక్కువో అక్కడ వదిలేయండి. అప్పటికీ ఆగకపోతే నాచ్‌తో 100కీ 200కీ మధ్య వెతికి, మోగే చోట తగ్గించండి. బాస్ నాబ్ మొత్తం తిప్పేస్తే పాట కూడా పోతుంది, అందుకే నాచ్.

కోఠీ_బాబు
నేనైతే రంధ్రంలో పెట్టే మాగ్నెటిక్ పికప్ వాడతా. కూత చాలా తక్కువ. స్క్రూ వదులు చేస్తే ఊడొస్తుంది, గిటార్‌కి చెక్కడాలు గిక్కడాలు లేవు.

వైజాగ్_రాగం
కూత తక్కువే, నేనూ వాడాను, కానీ రెండో తీగ ఒక్కటే మిగతావాటి మీద ఎగిరి పడుతుంది. బ్రాంజు చుట్టిన తీగల్లో అయస్కాంతానికి అందేది లోపలి స్టీలే కదా, చుట్టని తీగలేమో మొత్తం స్టీలు. మంచి పికప్పుల్లో కింద మరలు తిప్పి సరిచేసుకోవచ్చు. నైలాన్ తీగల గిటార్ ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకండి, చప్పుడే రాదు.

వినికిడి_విషయం
నేను గిటార్ వాయించను, ఆడియాలజిస్ట్‌ని, మా నాన్నగారు వాయిస్తారు కాబట్టి ఈ థ్రెడ్ చదువుతున్నా. సామాన్ల గురించి అందరూ చెప్పారు, చెవుల గురించి ఎవరూ చెప్పలేదు.

వయసు పెరిగేకొద్దీ ముందు తగ్గేది పై ఫ్రీక్వెన్సీల వినికిడి. చాలామందికి మెల్లగా తగ్గుతుంది కాబట్టి వాళ్లకే తెలియదు. అరవై దాటిన గిటారిస్టు ట్రెబుల్ నాబ్ తనకి నచ్చినట్టు తిప్పుకుంటే, ముందు వరసలో కూర్చున్న పదేళ్ల పిల్లలు చెవులు మూసుకుంటారు. పియెజో అసలే గరుకు. అందుకని టోన్ మీరు సెట్ చేయకండి, ఇంట్లో చిన్నవాళ్ల చేత చేయించుకుని నాబుల దగ్గర పెన్సిలుతో గీత పెట్టుకోండి.

వినికిడి యంత్రం వాడేవాళ్లకి ఇంకో మాట. అవి మాటల కోసం ట్యూన్ చేసి ఉంటాయి, అందులోని ఫీడ్‌బ్యాక్ తగ్గించే ప్రోగ్రాం గిటార్ నాదాన్ని కూడా కూత అనుకుని వణికిస్తుంది. మ్యూజిక్ ప్రోగ్రాం వేరేగా పెట్టమని మీ ఆడియాలజిస్ట్‌ని అడగండి, చాలా మోడళ్లలో ఉంటుంది. అడగకపోతే చాలామంది పెట్టరు.

పెదనాన్న_పాటలు
ఇది పనికొచ్చే ముచ్చట. మా చుట్టుపక్కల ఎవరూ చెప్పలే.

తీగ_తెగింది
ఇన్నాళ్లూ మా నాన్న ట్రెబుల్ ఎందుకు పెంచుతాడో ఇప్పుడర్థమైంది. మా అమ్మ మాట వినిపించకపోవడం మాత్రం ఫ్రీక్వెన్సీ సమస్య కాదు అనుకుంటా

సౌండ్_శీను
ఎర్తింగ్ గురించి కూడా రాయాలి, ఇది తమాషా కాదు. మన ఫంక్షన్ హాళ్లలో, ముఖ్యంగా జనరేటర్ మీద నడిచే చోట్ల, ఎర్త్ ఉందని నమ్మడానికి లేదు. మీ ఆంప్ ఒక ప్లగ్గులో, మా మిక్సర్ ఇంకో ప్లగ్గులో ఉండి రెంటినీ కేబుల్‌తో కలిపితే గుర్రుమని 50 హెర్ట్జ్ మోత మొదలవుతుంది. ఇంకా ఘోరం, చేతిలో గిటార్ ఉండగా మైకుకి పెదవి తగిలితే చిర్రుమంటుంది. అలా తగిలిందంటే వెంటనే ఆపేయండి, పాట పూర్తి చేద్దామని చూడకండి.

చేయాల్సింది ఒకే బోర్డు నుంచి రెంటికీ కరెంటు తీసుకోవడం. డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అది నొక్కితే గుర్రు ఆగుతుంది. కొందరు ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేస్తారు, గుర్రు పోయిందని సంబరపడతారు. ఆ పని ఎవరు చేయమన్నా చేయకండి, నా మనుషులు చెప్పినా సరే.

కాయిర్_గిటార్
అందుకే బ్యాటరీది కొనమంటున్నా. గోడకే తగిలించకపోతే గుర్రూ లేదు, షాకూ లేదు. కరెంటు పోయినా పాట ఆగదు.

వైజాగ్_రాగం
ఫిష్‌మన్‌లో కూడా బ్యాటరీది ఉంది, మినీ చార్జ్. బరువు ఇంచుమించు అంతే, ధర ఎక్కువ. మరీ తేలిగ్గా కావాలంటే రోలాండ్ ఏసీ-33, ఐదు కిలోల లోపే, 8 పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది, ప్లగ్గులో పెడితే 30 వాట్లు, సెల్లుల మీద 20. డాబా మీద ఇరవై మందికి చాలు, కల్యాణ మండపానికి చాలదు. సెకండ్ హ్యాండ్‌లో బ్యాటరీ ఆంప్ కొనేవాళ్లు మాత్రం అరగంట ప్లగ్గు లేకుండా గట్టిగా వాయించి చూడండి, ఆంప్ బాగానే ఉంటుంది, ప్రాణం పోయేది బ్యాటరీకే.

ఆరు_తీగలు
గోదారి గారూ, షాపుకి మీ గిటారే పట్టుకెళ్లండి. షాపులో వేలాడే గిటార్లో ప్రీయాంప్ ఉంటుంది, దాంతో ఏ ఆంప్ అయినా బాగానే వినిపిస్తుంది. అమ్మగారిని కూడా తీసుకెళ్లండి, మైక్ చానల్ వినకుండా కొనకండి.

గోదారి_గిటార్
అమ్మాయి దగ్గరికి హైదరాబాద్ వెళ్లాం, గిటార్ వెంట తీసుకెళ్లాను. షాపువాళ్లు ఓపికమంతులు, గంటన్నర కూర్చోనిచ్చారు.

ముందు పారా డీఐ లాంటిదే, వేరే కంపెనీది ఒకటి పెట్టి విన్నాను. నా గిటార్ అలా మోగగలదని నాకే తెలియదు. లావు తీగ మీటితే కుర్చీ అదిరింది. తర్వాత లౌడ్‌బాక్స్ మినీ, బోస్ రెండూ విన్నాం. గిటార్ మినీలో బాగుంది, ఆవిడ గొంతు బోస్‌లో బాగుంది, ఇద్దరికీ చెరోటి కొనే స్తోమత లేదు. ఆవిడ పదిహేను అడుగుల దూరంలో నిలబడి, నేను ట్రెబుల్ తిప్పినప్పుడల్లా చెవి మీద చెయ్యి పెట్టుకుంది. ఆడియాలజిస్ట్ గారు చెప్పింది అక్షరాలా జరిగింది. అల్లుడు వచ్చి నాబ్ తగ్గించి పెట్టాడు, నాకు మొద్దుగా వినిపించింది, వాళ్లందరికీ నచ్చింది.

షాపులో మేడ మెట్లుంటే ఆంప్ పట్టుకుని ఒకసారి ఎక్కి దిగాను. సేల్స్ కుర్రాడు కంగారుపడి వెంట వచ్చాడు. మినీతో ఒక విడతకి ఫర్వాలేదు, రోజూ అయితే కష్టం.

ప్రస్తుతానికి ప్రీయాంప్ డీఐ ఒక్కటే తెచ్చుకున్నాను. ఆంప్ తర్వాత.

సౌండ్_శీను
శభాష్. ఇప్పుడు మీ ఊరి కుర్రాడికి ఎక్స్‌ఎల్‌ఆర్ ఇచ్చి చూడండి.

వైజాగ్_రాగం
చూడండి, కానీ ఆ తర్వాత నా దగ్గరికే వస్తారు

డాలస్_సుబ్బు
అపార్ట్‌మెంట్లో ప్రాక్టీసు చేసేటప్పుడు రాత్రి పది దాటనివ్వకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పది నుంచి పొద్దున్న ఆరు దాకా రాత్రి కింద లెక్క, నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. మా పాత అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఈ అంకెలు కంఠతా, అందుకే నాకూ వచ్చాయి.

గోదారి_గిటార్
నిన్న ఒక గృహప్రవేశంలో వాయించాం. మైక్ సెట్ వేరేవాళ్లదే గానీ డీఐ చూసి ‘ఓ, ఎక్స్‌ఎల్‌ఆరా’ అని సంతోషంగా తీసుకున్నాడు. బయట కూర్చున్నవాళ్లందరూ గిటార్ బాగుందన్నారు. రబ్బరు మూత పెట్టాను, ఒక్క కూత రాలేదు.

కొత్త తలనొప్పి. బాక్సులు రెండూ జనం వైపు తిరిగి ఉన్నాయి, మాకు మా గిటారే వినపడలేదు, ఆవిడకి శ్రుతి అందలేదు, రెండో పాటలో ఆవిడొక చోట నేనొక చోట. మా వైపు తిరిగి ఉండే మానిటర్ స్పీకర్ అడిగితే ఈ రేటుకి రాదన్నాడు.

వైజాగ్_రాగం
అందుకే చెప్పా.

కాయిర్_గిటార్
😂 శీనూ ఇప్పుడేమంటావ్

సౌండ్_శీను
ఏమంటా, కొనమనే అంటా. కాకపోతే జనం కోసం కాదు, మీ కోసం. మానిటర్ లేని పార్టీలు మా లైనులో చాలా ఉన్నాయి, ఒప్పుకోవాలి. 9 కిలోలది తీసుకోండి, దానికి డీఐ అవుట్ ఉంది కాబట్టి హాల్లో మానిటర్‌గా, చిన్న గదిలో అదే మొత్తం సౌండ్‌గా. అమ్మగారికి ఫాంటమ్ అక్కర్లేని మామూలు డైనమిక్ మైక్ చాలు, షూర్ ఎస్ఎం58 అయితే ఎవడి సిస్టంలో పెట్టినా ఇబ్బంది లేదు, 1966 నుంచీ అదే మైకు వస్తోంది. నకిలీలు ఎక్కువ, తెలిసిన షాపులోనే కొనండి, బిల్లు తీసుకోండి.

గోదారి_గిటార్
మినీ ఆర్డర్ పెట్టాను. అల్లుడు కొంత వేశాడు. ఒకటే అడగాలి, స్టేజీ మీద దాన్ని ఎక్కడ పెట్టాలి? మా వెనకాలా?

సౌండ్_శీను
వెనకాల వద్దు, అలా పెడితే దాని సౌండ్ నేరుగా మైకులోకి వెళ్తుంది. ఎస్ఎం58 ముందు నుంచి వింటుంది, వెనక నుంచి దాదాపు వినదు. కాబట్టి మైకు వీపు ఎటుందో అటు, అంటే మీ ఇద్దరికీ ముందు, కాస్త పక్కగా, మీ వైపు తిప్పి పెట్టండి. గిటార్ రంధ్రం మాత్రం దానికి ఎదురుగా ఉండకూడదు, కుర్చీ కొంచెం వాలుగా వేసుకోండి. డీఐ అవుట్ లోంచి కేబుల్ మా మిక్సర్‌కి. ముందు మీ వాల్యూమ్ మీకు సరిపోయినంత పెట్టుకుని, ఆ తర్వాత మావాణ్ణి పెంచమనండి, కొన్ని ఆంపుల్లో నాబ్ కదిలిస్తే డీఐ సౌండ్ కూడా మారిపోతుంది, మధ్యలో తిప్పితే మావాడు కంగారుపడతాడు. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఒకటి మీదే తెచ్చుకోండి. మా దగ్గర ఎప్పుడూ ఒకటి తక్కువే.